ఇంజన్ లేని ఎగురుడు, రేడియో లేని ప్రయాణం: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

గత సంచికలో బ్రిటిష్ పైలట్ ఆన్ వెల్ష్ గురించి ఒక పేజీ పరిచయం ఇచ్చాం. రెండో ప్రపంచ యుద్ధంలో ఫ్యాక్టరీల నుంచి వైమానిక స్థావరాలకు యుద్ధవిమానాలు చేరవేసిన ఆమె, ఆ తర్వాత జీవితమంతా గ్లైడింగ్, అంటే ఇంజన్ లేని విమానం నడపడం, నేర్పడానికే వెచ్చించారు. చోటు చాలక ఆ పరిచయంలో చాలా వదిలేశాం. మీ ప్రశ్నలు సరిగ్గా ఆ వదిలేసిన చోట్ల మీదే వచ్చాయి. ఒకే రకమైన వాటిని కలిపి జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: ఆన్ వెల్ష్‌ను "యుద్ధకాలపు పైలట్" అన్నారు. ఆమె యుద్ధంలో పోరాడారా? సైన్యంలో ఏ హోదా?

పోరాడలేదు, సైన్యంలోనూ లేరు. ఆమె పనిచేసింది ఎయిర్ ట్రాన్స్‌పోర్ట్ ఆక్సిలరీ అనే పౌర సంస్థలో. అందరూ ఏటీఏ అనేవారు. కొత్త విమానాన్ని ఫ్యాక్టరీ నుంచి స్థావరానికి, దెబ్బతిన్నదాన్ని మరమ్మతు డిపోకు, బాగైనదాన్ని మళ్లీ స్క్వాడ్రన్‌కు చేర్చడం దాని పని. దానివల్ల వైమానిక దళ పైలట్లకు పోరాటం ఒక్కటే పనిగా మిగిలింది. ప్రధాన కేంద్రం మెయిడెన్‌హెడ్ దగ్గరి వైట్ వాల్తమ్. 1945 నవంబరు 30న సంస్థను మూసేనాటికి 147 రకాల విమానాలు, మొత్తం 3 లక్షలకు పైగా చేర్చారు. సిబ్బందిలో 170 మందికి పైగా ప్రాణాలు పోగొట్టుకున్నారు.

మహిళా విభాగం 1940 జనవరిలో హాట్‌ఫీల్డ్‌లో, పౌలీన్ గోవర్ నాయకత్వంలో, ఎనిమిది మందితో మొదలైంది. తొలి నెలల్లో వాళ్లకు ఇచ్చినవి టైగర్ మోత్ శిక్షణ విమానాలే, అదీ గడ్డకట్టే చలిలో, పైకప్పు లేని కాక్‌పిట్‌లో. తర్వాత స్పిట్‌ఫైర్లు, హరికేన్లు, వెల్లింగ్టన్ బాంబర్లు కూడా వాళ్ల చేతికి వచ్చాయి. 1943లో మగవాళ్లతో సమాన జీతం దక్కింది. ఆ రోజుల్లో అంత స్పష్టంగా సమాన వేతనం ఇచ్చిన ప్రభుత్వ వ్యవస్థలు చాలా అరుదు.

ఆన్ 1917 మే 20న లండన్‌లో పుట్టారు. పుట్టింటి పేరు ఎడ్మండ్స్. 1934లో, 17 ఏళ్లు నిండీ నిండగానే పైలట్ లైసెన్సు తీసుకున్నారు. ఆపై గ్లైడింగ్‌లోకి వచ్చి, 1938లో రెడ్‌హిల్‌లో సర్రే గ్లైడింగ్ క్లబ్ నెలకొల్పారు. అంటే 1940 చివర్లో ఏటీఏలో చేరేసరికే ఇంజన్‌తోనూ, ఇంజన్ లేకుండానూ ఎగరడం ఆమెకు బాగా వచ్చు.

ప్రశ్న: ఏటీఏ పైలట్లు అంతకుముందు ఎన్నడూ ఎక్కని రకం విమానాన్ని కూడా నేరుగా ఎక్కి నడిపేవారని చదివాం. అదెలా సాధ్యం?

విమానాలను రకాలవారీగా నేర్పకుండా తరగతులవారీగా నేర్పడం వల్ల. ఆరు తరగతులు ఉండేవి. ఒకటి తేలికపాటి ఒంటి ఇంజన్ విమానాలు. రెండు స్పిట్‌ఫైర్, హరికేన్ లాంటి వేగమైన ఒంటి ఇంజన్ విమానాలు. మూడు తేలికపాటి జంట ఇంజన్లు. నాలుగు వెల్లింగ్టన్ లాంటి బరువైన జంట ఇంజన్లు. అయిదు నాలుగు ఇంజన్ల బాంబర్లు. ఆరు నీటి మీద దిగే ఫ్లయింగ్ బోట్లు. ఒక తరగతిలో ఒకటి రెండు రకాలు నడిపి పాసైతే, ఆ తరగతిలోని మిగతావన్నీ నడపడానికి అర్హత వచ్చినట్టే.

రెండో ఆధారం "ఫెర్రీ పైలట్స్ నోట్స్". జేబులో పట్టే చిన్న రింగు పుస్తకం, విమానానికి ఒక కార్డు. టేకాఫ్‌కు ఇంజన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరగాలి, బూస్ట్ (ఇంజన్‌లోకి గాలిని నెట్టే ఒత్తిడి) ఎంత, ఎక్కేటప్పుడు వేగం ఎంత, చక్రాలు దించే వేగం, ఫ్లాప్స్ (రెక్క వెనక అంచున కిందికి దించే పలకలు) వేసే వేగం, దిగడానికి రన్‌వే వైపు వచ్చే వేగం, స్టాల్ వేగం (అంతకు తగ్గితే రెక్కలు విమానాన్ని మోయలేవు) అన్నీ అందులో ఉంటాయి. ఆ విమానానికి ప్రత్యేకమైన ప్రమాదం ఏదైనా ఉంటే అదీ ఉంటుంది. అనవసరమైనది ఒక్క ముక్క ఉండదు. తక్కువ చోటులో పనికొచ్చేది రాయడం నేర్చుకోవాలనుకునే ప్రతి సాంకేతిక రచయితా చూడదగ్గ పత్రం అది.

మూడోది, విమానం ఏదైనా మారని తనిఖీ వరుస: హైడ్రాలిక్స్, ట్రిమ్ (చేయి వదిలినా విమానం తిన్నగా పోయేలా చేసే సర్దుబాటు), థ్రాటిల్ (ఇంజన్ శక్తిని పెంచి తగ్గించే పిడి) బిగువు, మిక్స్‌చర్ (పెట్రోలు, గాలి పాళ్లు), ప్రొపెల్లర్ పిచ్ (దాని రెక్కల కోణం), పెట్రోలు, ఫ్లాప్స్, ఇంజన్ చుట్టూ ఉండే గాలి రెక్కలు, చివరగా మీటర్లు. ఇందులో ఏది మరిచినా ఫలితం వెంటనే కనిపిస్తుంది. ప్రొపెల్లర్‌ను ఫైన్ పిచ్‌లో (తక్కువ కోణంలో) పెట్టకుండా కోర్స్ పిచ్‌లో (ఎక్కువ కోణంలో) వదిలేసి టేకాఫ్‌కు వెళితే ఇంజన్ చుట్లు పెరగవు, విమానం ఈడ్చుకుంటూ పోతుంది, రన్‌వే అయిపోతుంది. థ్రాటిల్ బిగువు వదులుగా ఉంటే ఇంకో ఇబ్బంది. చక్రాలు ఎత్తడానికి పైలట్ ఎడమచేతిని థ్రాటిల్ మీద నుంచి తీసిన క్షణంలో అది తనంతట తానే వెనక్కి జారి ఇంజన్ శక్తి పడిపోతుంది. అందుకే ఆ బిగువు అంత చిన్న విషయమైనా వరుసలో చోటు సంపాదించుకుంది.

ప్రశ్న: స్పిట్‌ఫైర్ గాల్లో అందంగా ఉంటుంది కానీ నేల మీద నడపడమే కష్టమంటారు. ఎందుకు?

రెండు కారణాలు. ఒకటి, ముక్కు. తోక నేలకు ఆనుకుని ఉన్నప్పుడు పొడవైన ఇంజన్ భాగం పైకి లేచి ఎదురుగా ఉన్నదంతా కప్పేస్తుంది. అందుకని పాములా మెలికలు తిప్పుకుంటూ, ఒకసారి ఎడమ కిటికీ లోంచి, ఒకసారి కుడి కిటికీ లోంచి చూసుకుంటూ పోవాలి. దిగేటప్పుడు కూడా నేరుగా రాకుండా వంపుగా తిరుగుతూ వస్తే రన్‌వే చివరిదాకా కంట్లో ఉంటుంది.

రెండోది, వేడి. తొలి రూపాల్లో ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం (కూలెంట్) రేడియేటర్ కుడి రెక్క కింద ఉంటుంది. అక్కడికి ప్రొపెల్లర్ గాలి సరిగ్గా తగలదు. పైగా దించిన చక్రం కాలు దాని ముందు అడ్డుగా నిలబడుతుంది. నేల మీద కొద్ది నిమిషాలు ఆలస్యమైతే చాలు, ఉష్ణోగ్రత ముల్లు హద్దు దాటి కూలెంట్ మరగడం మొదలవుతుంది. కాబట్టి ఇంజన్ స్టార్ట్ చేయకముందే మ్యాప్ మడత పెట్టుకుని, పట్టీలు బిగించుకుని, దారి ఖాళీగా ఉందో లేదో చూసుకోవాలి. దిగాక ఫ్లాప్స్ వెంటనే ఎత్తేయాలి. వేలాడుతున్న ఫ్లాప్స్ రేడియేటర్ వెనక గాలి దారి మూసేస్తాయి.

ప్రశ్న: రేడియో లేకుండా, మబ్బుల్లోకి వెళ్లకుండా ఇంగ్లండ్ లాంటి దేశంలో ఎలా తిరిగారు?

మ్యాపు, దిక్సూచి, చేతి గడియారం. ఇవే. ఏటీఏ నియమం ప్రకారం మబ్బు అడుగు భాగం 800 అడుగుల ఎత్తుకు తగ్గకూడదు, కనుచూపు దూరం 2,000 గజాలకు తగ్గకూడదు. ఆ రెండో అంకె వినడానికి బాగానే ఉంటుంది. కానీ స్పిట్‌ఫైర్ గంటకు 200 మైళ్లతో పోతుంటే 2,000 గజాలు దాటడానికి పట్టేది 20 సెకన్లు. ఎదురుగా కొండో, ఫ్యాక్టరీ చుట్టూ ఇనుప తాళ్లతో కట్టిన బెలూన్ల వరుసో కనిపిస్తే తప్పుకోవడానికి అంతే సమయం.

బయలుదేరే ముందు మ్యాప్ మీద గీత గీసి, దానికి అడ్డంగా వచ్చే రైలు మార్గాలు, నదులు గుర్తుపెట్టుకునేవారు. ఒక రైలు పట్టాను వెంటబెట్టుకుని పోవడం సులువే, కానీ అది సొరంగంలోకి దూరితే ఎదురుగా ఉండేది కొండ. అడ్డంగా వచ్చే గుర్తుల్నే నమ్ముకోవాలన్న పాఠం అలా వచ్చింది. గడియారం ప్రకారం రావలసిన నది రాకపోతే దారి తప్పినట్టే, అప్పుడు ముందుకు కాదు, చివరిసారి కచ్చితంగా గుర్తుపట్టిన చోటికి తిరిగి వెళ్లాలి.

ప్రమాదాల్లో వాతావరణం పాత్ర పెద్దది. ఒంటరిగా ఇంగ్లండ్ నుంచి ఆస్ట్రేలియాకు ఎగిరి ప్రపంచ ప్రఖ్యాతి పొందిన ఏమీ జాన్సన్ కూడా ఏటీఏ పైలటే. 1941 జనవరి 5న వాతావరణం బాగాలేని రోజున ఆక్స్‌ఫర్డ్ విమానం చేరవేస్తూ థేమ్స్ నది ముఖద్వారంలో పడి మరణించారు. అనుభవం ఎంతున్నా మబ్బు దించుకుంటూ వస్తే వెనక్కి తిరగడమే మందు. తిరగాలన్న నిర్ణయం వెనకదారి ఇంకా తెరిచి ఉన్నప్పుడే తీసుకోవాలి.

ప్రశ్న: యుద్ధం జరుగుతున్నప్పుడు గ్లైడింగ్ క్లబ్బులు నడిచాయా?

లేదు. యుద్ధం రాగానే బ్రిటన్‌లో పౌర గ్లైడింగ్ ఆగిపోయింది. యుద్ధం ముగిశాకే క్లబ్బులు మళ్లీ తెరుచుకున్నాయి. మధ్యలో గ్లైడర్లు నడిచింది సైన్యం కోసం, ఎయిర్ ట్రైనింగ్ కోర్‌లోని కుర్రాళ్ల శిక్షణ కోసం. సైనిక గ్లైడర్లు వేరే జాతి. హోర్సా రెక్కల పొడవు 88 అడుగులు, ఒళ్లంతా చెక్క, లోపల పాతిక మందికి పైగా సైనికులు. 1944 జూన్ 6 అర్ధరాత్రి దాటిన కొద్ది నిమిషాలకు నార్మండీలో ఒక వంతెన పక్కన, దానికి 50 గజాల లోపే, చీకట్లో ఒక హోర్సా దిగింది. గ్లైడర్‌తో కచ్చితంగా ఒక చోట దిగడం ఎంతవరకు సాధ్యమో దానికి మించిన రుజువు లేదు. ఇలాంటి గ్లైడర్ పని ఎక్కడం కాదు, తాడు వదిలాక దిగడమే. క్రీడా గ్లైడర్ అందుకు పూర్తిగా భిన్నం, దానికి పైకి లేచే గాలి కావాలి.

ప్రశ్న: గ్లైడింగ్ వచ్చిన పైలట్ ఇంజన్ విమానం మెరుగ్గా నడుపుతాడా? లేక ఇది గ్లైడర్ వాళ్లు చెప్పుకునే మాటా?

మెరుగ్గా నడుపుతాడనే మేం గట్టిగా నమ్ముతాం, కారణాలు ఇవీ. గ్లైడర్ పైలట్‌కు ప్రతి దిగడమూ ఇంజన్ లేని దిగడమే, తప్పితే మళ్లీ పైకి లేచి ఇంకోసారి ప్రయత్నించే వీలు లేదు. అందుకే ఎత్తు, వేగం, దూరం మధ్య లెక్క అతని మనసులో నిరంతరం నడుస్తూ ఉంటుంది. "ఇప్పుడు దిగాల్సి వస్తే ఎక్కడ?" అన్న ప్రశ్నకు జవాబు ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. రెండోది ఆకాశాన్ని చదవడం. మబ్బు ఏ దశలో ఉంది, గాలి ఎటు మళ్లుతోంది, ముసురు ఎంతసేపట్లో కమ్ముకుంటుంది అన్నవి అతనికి రోజువారీ పని.

ఏటీఏకు ఇదే కావలసింది. దాని కార్యకలాపాల విభాగం నడిపిన ఫిలిప్ విల్స్ యుద్ధానికి ముందే బ్రిటన్‌లో పేరున్న గ్లైడర్ పైలట్. 1952లో మాడ్రిడ్‌లో ప్రపంచ గ్లైడింగ్ ఛాంపియన్ కూడా అయ్యారు. ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి: గ్లైడర్ అలవాట్లన్నీ అటు పనికిరావు. ఇంజన్ ఉష్ణోగ్రత, పెట్రోలు ట్యాంకు మార్చడం, మిక్స్‌చర్ లాంటివి గ్లైడర్‌లో లేనే లేవు. వాటిని విడిగా నేర్చుకోవాల్సిందే.

ప్రశ్న: ఆమె భర్త జైలులో గ్లైడర్ తయారు చేశారని విన్నాం. నిజమేనా? అది ఎగిరేదా?

నిజమే, అయితే ఆయన ఒక్కరే కాదు. ఆన్ 1953లో పెళ్లి చేసుకున్న లోర్న్ వెల్ష్ యుద్ధంలో జర్మన్లకు చిక్కిన వైమానిక దళ అధికారి. 1943లో స్టాలాగ్ లుఫ్ట్ 3 అనే జర్మన్ యుద్ధఖైదీల శిబిరం నుంచి, పేలు వదిలించడానికి బయటికి తీసుకెళ్తున్న ఖైదీల గుంపులా నటిస్తూ కొందరు తప్పించుకున్నారు. అందులో లోర్న్, ఆయన మిత్రుడు వాల్టర్ మోరిసన్ కలిసి జర్మన్ విమానమే దొంగిలించబోయి పట్టుబడ్డారు. అలాంటి మొండివాళ్లను పంపే చోటు కోల్డిట్జ్ కోట.

అక్కడ గ్లైడర్ ఆలోచన, రూపకల్పన బిల్ గోల్డ్‌ఫించ్‌ది, జాక్ బెస్ట్ నిర్మాణంలో ప్రధానుడు, కోటలోని చర్చి పైకప్పును బయటి కావలివాళ్లు చూడలేరని గమనించింది టోనీ రోల్ట్. జైలు లైబ్రరీలోనే విమాన రూపకల్పన మీద ఒక పాఠ్యపుస్తకం దొరికింది. ఏ భాగం మీద ఎంత బలం పడుతుంది, ఆ కర్ర ఓర్చుకుంటుందా అన్న లెక్కలు సరిచూసింది లోర్న్.

చర్చి పైన అటకలో అడ్డంగా ఒక దొంగ గోడ కట్టి, దాని వెనక పని చేశారు. ఇద్దరు కూర్చునే గ్లైడర్. రెక్కల పొడవు 32 అడుగులు, ఒంటి పొడవు 20 అడుగులకు కాస్త తక్కువ, ఖాళీ బరువు 240 పౌండ్లు, అంటే 109 కిలోలు. రెక్క పక్కటెముకలు మంచాల పలకలతో, రెక్కను మోసే పొడవాటి దూలాలు నేల చెక్కలతో, కంట్రోల్ తీగలు వాడుకలో లేని గదుల కరెంటు వైర్లతో చేశారు. పైతొడుగు నీలం తెలుపు గళ్ల దుప్పటి బట్ట. ఆ బట్ట గాలి చొరకుండా బిగుసుకోవడానికి మామూలుగా డోప్ అనే లక్కలాంటి ద్రవం పూస్తారు. అది దొరికే దారి లేక, జైలు తిండిలో ఇచ్చే చిరుధాన్యాన్ని ఉడకబెట్టి పూశారు. బట్టలకు గంజి పెట్టినట్టే. నూలు దారాల మధ్య సందులు పిండిపదార్థంతో మూసుకుపోయి, ఆరాక బట్ట డప్పులా బిగుస్తుంది. లోపం ఒకటుంది: తడిస్తే మెత్తబడుతుంది. ఒక్కసారి, పొడి వాతావరణంలో, కొద్ది సేపు ఎగరాల్సిన విమానానికి అది చాలు.

ఎగరేసే పద్ధతి ఇంకా తెలివైనది. పైకప్పు శిఖరం మీద బల్లలు పరిచి 60 అడుగుల రన్‌వే. గ్లైడర్‌కు కట్టిన తాడు రెండో కొసకు కాంక్రీటు నింపిన స్నానాల తొట్టి. తొట్టిని 60 అడుగుల కిందికి వదిలితే గ్లైడర్ గంటకు 30 మైళ్ల వేగంతో అంచు దాటుతుంది. అంత తక్కువ వేగం సరిపోతుందా అని మీరు అడగవచ్చు. ఈ గ్లైడర్ చాలా తేలిక, పైగా పైకప్పు కింద లోయలోని ముల్డే నది దాకా 60 మీటర్ల ఖాళీ ఉంది. అంచు దాటగానే ముక్కు కాస్త దించితే కావలసిన వేగం ఆ ఖాళీలోనే వస్తుంది.

ఎగరాల్సిన అవసరం రాలేదు. 1945 ఏప్రిల్‌లో అమెరికా సైన్యం కోటను విడిపించింది. గ్లైడర్ ఆ తర్వాత మాయమైంది, ఒక్క ఫోటో మిగిలింది. 2000లో దాని నకలు కట్టి ఓడిహమ్ వైమానిక స్థావరంలో ఎగరేశారు. మొదటిసారే చక్కగా ఎగిరింది. గోల్డ్‌ఫించ్, బెస్ట్ ఇద్దరూ అక్కడ నిలబడి చూశారు. కాబట్టి మీ ప్రశ్నకు జవాబు: ఎగిరేది. రూపకల్పన సరైనదే. ఆ పైకప్పు మీద నుంచి, చీకట్లో, సుడిగాలిలో ఎలా ఉండేదన్నది వేరే ప్రశ్న. కోట గోడల వెనక గాలి సుళ్లు తిరుగుతుంది, అంచు దాటిన తొలి రెండు మూడు సెకన్లే అన్నిటికన్నా ప్రమాదకరం.

ప్రశ్న: గ్లైడర్‌ను వించితో ఎగరేస్తారని రాశారు. మధ్యలో కేబుల్ తెగితే?

తెగుతుంది, అందుకే ఒంటరిగా ఎగరనిచ్చే ముందు దాన్ని పదేపదే సాధన చేయిస్తారు. ముందు మామూలుగా ఏం జరుగుతుందో చూడండి. మైదానం ఆ చివర వించి (కేబుల్‌ను చుట్టుకుంటూ లాగే యంత్రం), ఈ చివర గ్లైడర్, మధ్య సుమారు 1,000 మీటర్ల కేబుల్. రెక్క పట్టుకున్న మనిషి సైగతో కేబుల్‌లోని వదులును మెల్లగా లాగుతారు, కేబుల్ బిగుసుకున్నాక పూర్తి వేగం. గ్లైడర్ నేల వదిలాక మొదట కొద్దిగానే ఎక్కాలి. తగిన వేగం, ఎత్తు వచ్చాకే క్రమంగా ముక్కు ఎత్తి నిటారు ఎక్కుడులోకి వెళ్లాలి. ఎదురుగాలి లేని రోజు కేబుల్ పొడవులో మూడో వంతు, అంటే 300 నుంచి 350 మీటర్ల ఎత్తు వస్తుంది. కేబుల్‌కు, గ్లైడర్‌కు మధ్య బలహీన లింకు అనే లోహపు ముక్క ఉంటుంది. లాగుడు మితిమీరితే రెక్కలకు ముందు అది తెగాలి. రంగును బట్టి దాని బలం: ఎరుపు 750, నీలం 600, తెలుపు 500 డెకాన్యూటన్లు (ఒక డెకాన్యూటన్ అంటే సుమారు ఒక కిలో బరువు). ఏ గ్లైడర్‌కు ఏ రంగో దాని మాన్యువల్ చెప్పినట్టే వాడాలి, చేతికి దొరికినది తగిలించకూడదు.

తెగినప్పుడు ముక్కు 40 డిగ్రీల పైకి ఉంటుంది, లాగే శక్తి లేదు, వేగం సెకను సెకనుకు పడిపోతుంది. వరుస ఇది. మొదట కంట్రోల్ కర్రను ముందుకు నెట్టి ముక్కును దిగేటప్పుడు ఉండే కోణం దాకా దించాలి. తర్వాత ఆగాలి. చాలామంది తప్పు చేసేది ఇక్కడే. ముక్కు సరైన చోటికి వచ్చింది కదా అని వెంటనే మలుపు తిప్పుతారు, లేదా ఎయిర్‌బ్రేకులు (త్వరగా కిందికి దిగడానికి రెక్క మీద లేపే పలకలు) తెరుస్తారు. కానీ ముక్కు దిగినంత మాత్రాన వేగం రాదు, దానికి మరికొన్ని సెకన్లు కావాలి. ఆ లోపు తిప్పితే ఒక రెక్క స్టాల్ అయి సుడిలో పడిపోతుంది, కోలుకునే ఎత్తు ఉండదు. వేగం మీటర్‌లో కళ్లారా చూశాకే తరువాతి పని. మిగిలిన తాడు ముక్కను వదలడానికి విడుదల గుబ్బను రెండుసార్లు లాగాలి. ఎదురుగా దిగే చోటుంటే నేరుగా దిగాలి. లేకపోతేనే తిరగాలి. ఎటు తిరగాలో బయలుదేరే ముందే గాలిని బట్టి నిర్ణయించుకుని, బయటికి చెప్పుకుని ఉండాలి.

నేల మీద ఉండగానే ఇంకో ప్రమాదం ఉంది. పరుగులో ఒక రెక్క నేలకు తగిలితే గ్లైడర్ దాని చుట్టూ బొంగరంలా తిరిగి తలకిందులు కాగలదు. రెక్క వాలుతోంది, ఆపలేకపోతున్నాను అనిపించిన క్షణమే గుబ్బ లాగాలి. అందుకే మొదటి నుంచీ ఎడమచేయి ఆ గుబ్బ మీదే ఉంచమంటారు.

ప్రశ్న: 1961లో ఆమె పోలండ్‌లో 528 కిలోమీటర్లు ఎగిరి బ్రిటిష్ మహిళల రికార్డు నెలకొల్పారని రాశారు. ఇంజన్ లేకుండా అంత దూరం ఎలా?

ఉజ్జాయింపు లెక్క వేసి చూద్దాం. ఇవి ఆ రోజు ఆమె అంకెలు కావు, ఆ కాలపు గ్లైడర్‌కు మామూలుగా వర్తించేవి. 25:1 నిష్పత్తితో జారే గ్లైడర్ 1,000 మీటర్ల ఎత్తు ఖర్చుపెట్టి 25 కిలోమీటర్లు పోతుంది. 528 కిలోమీటర్లకు 21 కిలోమీటర్ల పైచిలుకు ఎత్తు కావాలి, అంటే 1,000 మీటర్ల చొప్పున 21 ఎక్కుళ్లు. సెకనుకు 2 మీటర్లు ఎక్కితే ఒక్కోదానికి 8 నిమిషాల పైన, అన్నిటికీ కలిపి దాదాపు 3 గంటలు. గంటకు 80 కిలోమీటర్లతో జారడానికి ఆరున్నర గంటలు. మొత్తం తొమ్మిదిన్నర. పైకి లేచే వేడిగాలి, అంటే థర్మల్స్, అంతసేపు దొరకడం కష్టం. ఒకే దిశలో పోతుంటే వెనక నుంచి గంటకు 25 కిలోమీటర్ల గాలి ఉంటే అది ఆరున్నర గంటలకు దిగుతుంది. దూరప్రయాణానికి రోజును ఎంచుకోవడం ఎందుకంత ముఖ్యమో దీన్నిబట్టి తెలుస్తుంది.

థర్మల్‌లో తిరగడం అసలు విద్య. వేగం గంటకు 80 కిలోమీటర్లు, వంపు 40 డిగ్రీలైతే చుట్టు వ్యాసార్థం 60 మీటర్లు, ఒక చుట్టుకు 17 సెకన్లు. వంపు 20 డిగ్రీలే అయితే వ్యాసార్థం 138 మీటర్లకు పోతుంది, ఇరుకైన థర్మల్ నడిబొడ్డు దాని లోపలే మిగిలిపోతుంది, మీరు దాని చుట్టూ ప్రదక్షిణం చేస్తుంటారు. కొత్తవాళ్లు ఎక్కలేకపోవడానికి ప్రధాన కారణం గాలి లేకపోవడం కాదు, చాలినంత వంచకపోవడమే. అయితే 40 డిగ్రీల వంపులో స్టాల్ వేగం 14 శాతం పెరుగుతుందని గుర్తుండాలి.

మబ్బు ఎంత ఎత్తులో కడుతుందో కూడా ముందే అంచనా వేయవచ్చు. నేల మీది ఉష్ణోగ్రత నుంచి మంచుబిందు ఉష్ణోగ్రత (గాలిలోని తేమ నీటిబొట్లుగా మారే ఉష్ణోగ్రత) తీసేసి 125తో గుణిస్తే మీటర్లలో వస్తుంది. అవి 24, 12 డిగ్రీల సెల్సియస్ అయితే 1,500 మీటర్లు.

ప్రశ్న: సిల్వర్ సి అంటే ఏమిటి?

గ్లైడింగ్‌లో అంతర్జాతీయ గుర్తింపు బ్యాడ్జి. 50 కిలోమీటర్ల ప్రయాణం, 1,000 మీటర్ల ఎత్తు పెంచుకోవడం, 5 గంటలు గాల్లో ఉండటం, మూడూ కావాలి. దాని పైది గోల్డ్: 300 కిలోమీటర్లు, 3,000 మీటర్లు, 5 గంటలు.

ప్రశ్న: థర్మల్స్ అయిపోతే ఏదో ఒక పొలంలో దిగాల్సిందేనా? చోటు ఎలా ఎంచుకుంటారు?

దిగాల్సిందే, అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. ప్రమాదం దిగడంలో ఉండదు, ఆలస్యంగా ఎంచుకోవడంలో ఉంటుంది. 600 మీటర్ల ఎత్తులో మంచి పొలాలున్న ప్రాంతం వైపు మళ్లాలి, 450 దగ్గర పొలం తేల్చుకోవాలి, 300కు వచ్చాక మనసు మార్చుకోకూడదు. అప్పుడు చిన్న థర్మల్ తగిలినా వదిలేయాలి.

గాలి దిశ పొగను బట్టి, చెరువు నీటి మీది అలలను బట్టి తెలుస్తుంది. గంటకు 80 కిలోమీటర్లతో నేలకు తగిలే గ్లైడర్ 25 కిలోమీటర్ల ఎదురుగాలిలో నేల మీద 55తో, అదే వెనకగాలిలో అయితే 105తో దిగుతుంది. ఆపాల్సిన శక్తి మూడున్నర రెట్లు దాటుతుంది. వాలు మాత్రం గాలిని మించినది: పై నుంచే వాలు కంటికి తెలుస్తోందంటే అది దిగడానికి మరీ ఎక్కువ. తప్పనిసరైతే గాలి ఎటున్నా ఎగువకే దిగాలి. కోసిన పొలం శ్రేష్ఠం. ఎత్తుగా ఎదిగిన పైరు పై నుంచి పచ్చిక బయలులా మెత్తగా కనిపించి మోసం చేస్తుంది. రెక్క దానిలో చిక్కుకుంటే గ్లైడర్ గిర్రున తిరిగి తోక విరుగుతుంది. కరెంటు తీగలు గాల్లోంచి కనిపించవు, స్తంభాల కోసం వెతకాలి. పొలం దాటి ఒంటరి ఇల్లు ఉంటే దానికి తీగ ఎటు నుంచి వస్తుందో చూడాలి. పశువులున్న పొలం వద్దు, ఆవులు గ్లైడర్‌ను నాకి, రాసుకుని పాడుచేస్తాయి. చివరి వేగం మాన్యువల్‌లోని అంకెకు ఎదురుగాలి వేగంలో సగం కలిపి పట్టుకోవాలి.

ప్రశ్న: తర్వాతి కాలంలో ఆమె ఏం చేశారు?

యుద్ధం తర్వాత సర్రే క్లబ్‌ను మళ్లీ నిలబెట్టారు. బోధకులను పరీక్షించి అర్హత ఇచ్చే పని ఏళ్ల తరబడి చేశారు. 1965లో ఇంగ్లండ్‌లోని సౌత్ సెర్నీలో జరిగిన ప్రపంచ పోటీల నిర్వహణ ఆమె చేతుల మీదుగా నడిచింది. హ్యాంగ్ గ్లైడింగ్ (బట్ట రెక్క కింద వేలాడుతూ ఎగరడం), మైక్రోలైట్లు (అతి తేలికైన చిన్న విమానాలు) వచ్చినప్పుడు చాలామంది పాత పైలట్లు వాటిని పిల్లచేష్టలుగా చూస్తే, ఆమె వాటికీ శిక్షణ, భద్రత నియమాలు ఉండాలని ముందుకొచ్చి పనిచేశారు. ఆమె సేవల్లో అన్నిటికన్నా ఎక్కువ ప్రాణాలు కాపాడింది బహుశా ఇదేనని మా అభిప్రాయం. 2002 డిసెంబరు 5న, 85వ ఏట మరణించారు. మైక్రోలైట్ రంగంలో అంతర్జాతీయ వైమానిక సమాఖ్య ఇచ్చే ఒక పురస్కారం ఆమె పేరు మీదే ఉంది.

ప్రశ్న: ఫోటోలో గ్లైడర్ అద్దం మీద బయట చిన్న ఉన్ని దారం అతికించి ఉంది. అదేమిటి?

అది పరికరమే. పది సెంటీమీటర్ల దారాన్ని అద్దం మధ్యగీత మీద, ముందు కొసను టేపుతో అతికిస్తారు. గ్లైడర్ గాలిని సూటిగా చీల్చుకుపోతుంటే దారం తిన్నగా వెనక్కి పడుంటుంది. దారం తోక ఎడమకు పోతే కుడి కాలితో రడ్డర్ (తోక మీది చుక్కాని) పెడల్ నొక్కాలి, కుడికి పోతే ఎడమ కాలితో. థర్మల్‌లో తిరిగేటప్పుడు ఇది వంకరగా ఉందంటే గ్లైడర్ పక్కకు జారుతూ ఎక్కుడును పోగొట్టుకుంటోందన్నమాట. టేపును దారం కొస వరకే వేయాలి. ఎక్కువ వేస్తే ఆ అంచు దగ్గర గాలి చెదిరి దారం ఆగకుండా అల్లాడుతుంది. వానలో తడిసి అంటుకుపోతే, ఆరేదాకా అది చూపించేదాన్ని నమ్మకూడదు.